జవాబు టీచరుకీ తెలియని ప్రశ్న

1963లో, నేటి టాంజానియాలోని ఒక హైస్కూల్లో పిల్లలు ఐస్‌క్రీమ్ చేస్తున్నారు. పాలు కాచి, చక్కెర కలిపి, చల్లారాక ఫ్రీజర్‌లో పెట్టడం పద్ధతి. ఫ్రీజర్‌లో చోటు తక్కువ, పెట్టేవాళ్లు ఎక్కువ. ఒక పిల్లవాడు పాలు కాచకుండానే చక్కెర కలిపి ట్రేలో పోసి పెట్టేశాడు. తనకు చోటు దక్కదేమోనని ఎరాస్టో ఎంపెంబా కాచిన పాలను వేడివేడిగానే లోపలికి తోసేశాడు. గంటన్నర తర్వాత చూస్తే ఎంపెంబా పాలు గడ్డకట్టాయి. రెండోవాడివి ఇంకా చిక్కటి ద్రవంగానే ఉన్నాయి. ఎందుకిలా అని ఫిజిక్స్ టీచరును అడిగాడు. నువ్వేదో పొరబడ్డావు, అలా జరగదు అన్నారాయన.

కొన్నేళ్లకు పై తరగతుల కోసం మరో స్కూల్లో చేరాడు. అక్కడి టీచరుకూ అదే ప్రశ్న వేస్తే, ఇది ఎంపెంబా ఫిజిక్స్ తప్ప లోకం ఫిజిక్స్ కాదని ఎగతాళి. తర్వాత దార్ ఎస్ సలామ్ యూనివర్సిటీ కాలేజీ నుంచి డెనిస్ ఆస్‌బోర్న్ అనే అధ్యాపకుడు ఉపన్యాసం ఇవ్వడానికి ఆ స్కూలుకు వచ్చారు. ఎంపెంబా లేచి అడిగాడు: రెండు బీకర్లలో సమానంగా నీళ్లు తీసుకుని, ఒకటి 35 డిగ్రీల దగ్గర, ఇంకోటి 100 డిగ్రీల దగ్గర ఫ్రీజర్‌లో పెడితే 100 డిగ్రీలదే ముందు గడ్డకడుతుంది, ఎందుకని? క్లాసంతా నవ్వింది. ఆస్‌బోర్న్ నవ్వలేదు. తిరిగి వెళ్లాక తన ల్యాబ్ టెక్నీషియన్‌కు ప్రయోగం చేసి చూడమని చెప్పారు. వేడినీళ్లే ముందు గడ్డకట్టాయని ఆ టెక్నీషియన్ వచ్చి చెబుతూ ఒక మాట చేర్చాడు: సరైన ఫలితం వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేస్తూనే ఉంటాం.

ఎంపెంబా, ఆస్‌బోర్న్ ఇద్దరి పేర్లతో 1969లో ‘ఫిజిక్స్ ఎడ్యుకేషన్’ పత్రికలో పేపర్ వచ్చింది. దాని సంగతి చివర్లో మళ్లీ చూద్దాం. ఇక్కడ నన్ను పట్టుకున్నది ఆ టెక్నీషియన్ మాట. హైస్కూలు ల్యాబుల్లో మనం పిల్లలకు ఏళ్ల తరబడి నేర్పుతున్నది సరిగ్గా అదే. సరైన ఫలితం ముందే రాసిపెట్టి ఉంటుంది, అది వచ్చేదాకా చేయాలి, రాకపోతే వచ్చినట్టు రాయాలి. నిజమైన పరిశోధనను సెకండరీ స్కూలు సైన్సు బోధనలోకి తేవాలని ఇవాళ చాలా దేశాల్లో మాట్లాడుకుంటున్నారు. ఖరీదైన పరికరాలు రావాలి, శాస్త్రవేత్తలు రావాలి అన్న చర్చ తర్వాతిది. ముందు కదలాల్సింది ఈ అలవాటు.

ఒక లోలకం, ఒక అంకె

లోలకం ప్రాక్టికల్ తీసుకుందాం. మీటరు పొడవు దారం, చివర ఒక గుండు, చేతిలో స్టాప్‌వాచ్. 20 డోలనాలకు పట్టిన సమయం చూసి, దాన్నుంచి గురుత్వ త్వరణం లెక్కగట్టాలి. రావాల్సిన జవాబు 9.8 అని అందరికీ తెలుసు. ఒక అమ్మాయి గుండును వదులుతూనే ‘ఒకటి’ అని మొదలుపెట్టి ‘ఇరవై’ దగ్గర వాచ్ ఆపింది. 38.1 సెకన్లు. లెక్క వేస్తే 10.9కి దగ్గరగా వచ్చింది. పక్కవాళ్లకు 9.7, 9.8 వచ్చాయి. ఆ అమ్మాయి రబ్బరు తీసుకుని 38.1ని చెరిపేసి 40.1 అని రాసుకుంది. రికార్డులో సంతకం పడింది, మార్కులు పడ్డాయి.

ఆ చెరిపేసిన అంకె వెనకున్నది ఏమిటంటే, గుండును వదిలిన క్షణంలో ‘సున్నా’ అనాల్సింది ‘ఒకటి’ అంది. ‘ఇరవై’ అనేసరికి పూర్తయినవి 19 డోలనాలే. 19కి పట్టిన సమయాన్ని 20తో భాగించింది. లెక్క మొదలయ్యేది సున్నాతోనా ఒకటితోనా అన్న ఈ చిన్న చిక్కు కొలత పనిలో పెద్దపెద్దవాళ్లనే తికమక పెడుతుంది. దాన్ని ఆ అమ్మాయి తనంతట తను పట్టుకునే అవకాశం చేతిదాకా వచ్చింది. ‘నాకెందుకు 10.9 వచ్చింది’ అని పది నిమిషాలు ఆలోచిస్తే దొరికేది. అయితే ఆ పది నిమిషాలకు టైంటేబుల్లో చోటు లేదు, మార్కు అసలే లేదు.

ఆ ప్రాక్టికల్ పనికిరానిదని కాదు. స్టాప్‌వాచ్ పట్టడం, సగటు తీయడం, గ్రాఫ్ గీయడం నేర్వాల్సినవే. సంగీతంలో సరళీస్వరాలు ఉన్నట్టే సైన్సులోనూ సాధన ఉంటుంది. కాకపోతే సరళీస్వరాలు పాడించి అదే కచేరీ అని చెప్పకూడదు.

ఈ తేడాను గుర్తించినవాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు. స్కూళ్లలో సైన్సును తేలిపోయిన నిర్ణయాల ప్రకటనగా చెబుతున్నారని అమెరికా విద్యావేత్త జోసెఫ్ ష్వాబ్ 1960ల మొదట్లోనే విమర్శించారు. ప్రశ్న, పద్ధతి, జవాబు అనే మూడింటిలో విద్యార్థికి ముందే చేతికిచ్చేవి ఎన్ని, వదిలేసేవి ఎన్ని అన్నదాన్ని బట్టి ప్రాక్టికల్స్‌కు మెట్లు కట్టే పద్ధతి ఆయన ఆలోచనల నుంచి వచ్చిందే. 2002లో క్లార్క్ చిన్, బెటీనా మల్హోత్రా తొమ్మిది పాఠ్యపుస్తకాల్లోని 468 పనులను పరిశీలించి, వాటిలో పిల్లలు చేసే ఆలోచనకూ శాస్త్రవేత్తలు చేసే ఆలోచనకూ చాలా దూరం ఉందని చూపించారు. పిల్లలు చేతులు కదుపుతున్నారు. ఏ కారకాన్ని మార్చాలి, కొలత నమ్మదగినదా, ఇదే ఫలితానికి ఇంకో కారణం ఉండవచ్చా అనే నిర్ణయాలు మాత్రం పుస్తకమే తీసేసుకుంటోంది.

‘నిజమైన’ అంటే ఏది

ఈ మాటను చాలామంది చాలా రకాలుగా వాడతారు. తెల్లకోటు వేసుకుని యూనివర్సిటీ ల్యాబ్ చూసిరావడాన్నీ పరిశోధన అనుభవం అంటారు. ఎవరో ఇచ్చిన మోడల్‌ను అట్టలతో కట్టి ప్రదర్శనలో పెట్టడాన్నీ ప్రాజెక్టు అంటారు. నా దృష్టిలో మూడు సంగతులు చూడాలి. మొదటిది, ప్రశ్నకు జవాబు క్లాసులో ఎవరికీ తెలియకూడదు, టీచరుకు కూడా. రెండోది, ఆ జవాబు క్లాసు బయట ఎవరికో ఒకరికి కావాలి. మూడోది, వచ్చిన ఫలితాన్ని ఎవరైనా ప్రశ్నించి, తిరగేసి, తప్పని చూపించే వీలుండాలి. మొదటిదాని గురించే అందరూ మాట్లాడతారు. నేను మూడోదాన్నే ముందు పెడతాను. ఎదుటివాళ్లు తప్పుపట్టే అవకాశం లేని చోట పిల్లలు చేసేది నచ్చిన పని అవుతుంది కానీ పరిశోధన కాదు.

పరికరాలు ఈ జాబితాలో లేవు. ఎమిలీ రోసా సంగతి చూడండి. అమెరికాలో తొమ్మిదేళ్ల వయసులో స్కూలు సైన్స్ ప్రదర్శన కోసం ఒక ప్రయోగం చేసింది. శరీరాన్ని తాకకుండా చేతులు పైన ఆడిస్తూ, మనిషి చుట్టూ ఉండే శక్తిక్షేత్రాన్ని గ్రహించి నయం చేస్తామనే చికిత్సకులు ఉన్నారు. ఎమిలీ ఒక అట్టను అడ్డుగా నిలబెట్టి, దాని అడుగున రెండు రంధ్రాలు చేసింది. చికిత్సకులు అందులోంచి రెండు చేతులూ బయటపెట్టాలి. ఆమె నాణెం ఎగరేసి, బొమ్మా బొరుసా చూసి, ఒక చేతి మీద తన చేతిని కొన్ని సెంటీమీటర్ల ఎత్తున ఉంచుతుంది. ఏ చేతి మీద ఉందో వాళ్లు చెప్పాలి. 21 మంది చికిత్సకులు, 280 ప్రయత్నాలు, 123 సరైన జవాబులు. అంటే 44 శాతం. కళ్లు మూసుకుని ఊహించినా సగం సరిపోవాలి. 1998లో ఇది అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో అచ్చయింది.

పిల్లలకు ఇక్కడ చూపించాల్సింది నాణెం. చేతిని ఎమిలీ తనకు తోచినట్టు ఎంచుకుని ఉంటే, ఆమె ఎంపికలో ఏదో ఒక వరస ఉండేది, దాన్ని చికిత్సకులు తెలియకుండానే పసిగట్టి ఉండవచ్చు. నాణెం ఆ దారిని మూసేసింది. ఒక అట్టముక్క, ఒక నాణెంతో వచ్చిన బలం అంతా ప్రయోగాన్ని కట్టిన తీరులో ఉంది.

ఆకాశం కదిలింది, టెలిస్కోప్ ఆగింది

శాస్త్రవేత్తలు పోగేసిన డేటాలో పిల్లలు వెతకడం ఇవాళ బాగా సాగుతున్న దారి. 2007 వేసవిలో అమెరికాలోని గ్రీన్ బ్యాంక్ రేడియో టెలిస్కోప్ తిరిగే పట్టాలకు మరమ్మతు వచ్చింది. అంత పెద్ద డిష్ కదలకుండా నిలబడిపోయింది. భూమి మాత్రం తిరుగుతూనే ఉంటుంది కదా, ఆకాశం దాని ముందు నుంచి నెమ్మదిగా జరిగిపోయింది. ఆ రోజుల్లో రికార్డయిన డేటాలో కొంత భాగాన్ని హైస్కూలు విద్యార్థుల కోసమే కేటాయించారు. పల్సర్లు, అంటే క్రమంగా రేడియో స్పందనలు పంపే, గిరగిరా తిరిగే నక్షత్ర శేషాలు అందులో ఎక్కడున్నాయో వెతకాలి.

పిల్లలకు ఎదురయ్యేవి గ్రాఫులు. వాటిలో అత్యధికం చెత్త. రాడార్లు, సెల్‌ఫోన్లు, విద్యుత్ పరికరాలు పుట్టించే గోల. దాన్ని ఏరే కిటుకు ఫిజిక్సులోనే ఉంది. అంతరిక్షం గుండా వచ్చే రేడియో తరంగాలు దారిలోని ఎలక్ట్రాన్ల వల్ల ఆలస్యమవుతాయి, తక్కువ పౌనఃపున్యానివి ఎక్కువ ఆలస్యమవుతాయి. నిజమైన పల్సర్ స్పందనలో ఈ తేడా కనబడి తీరాలి. అన్ని పౌనఃపున్యాలూ ఒక్కసారే వచ్చి పడితే అది భూమి మీది గోల. పదిహేనేళ్ల పిల్లకు ఈ ఒక్క సంగతి అర్థమైతే, తరంగాల పాఠంలో అంతకుముందు బట్టీపట్టిన పౌనఃపున్యం అన్న మాట ఒక పనిముట్టుగా మారుతుంది. అలా వెతికిన స్కూలు పిల్లలు అంతకుముందు ఎవరూ చూడని పల్సర్లను నిజంగానే పట్టుకున్నారు.

ఇలాంటివే మరికొన్ని ఉన్నాయి. 2005 నుంచి జరుగుతున్న అంతర్జాతీయ మాస్టర్‌క్లాసుల్లో విద్యార్థులు కణ భౌతికశాస్త్ర ప్రయోగాల అసలు డేటాతో ఒక రోజంతా పని చేస్తారు. బ్రిటన్‌లో 16 నుంచి 18 ఏళ్ల విద్యార్థులు మనిషి పేగుల్లో బతికే కొరడా పురుగు జన్యుపటాన్ని సవరించే పనిలో పాల్గొన్నారు. జన్యువు ఇక్కడ మొదలై ఇక్కడ ముగుస్తుందని కంప్యూటర్ వేసిన అంచనాను ఆధారాలతో పోల్చి సరిదిద్దడం వాళ్ల పని. గెలాక్సీలను ఆకారాన్ని బట్టి వర్గీకరించే గెలాక్సీ జూలో 2007లో వింత ఆకుపచ్చ వస్తువును గుర్తించిన హానీ వాన్ ఆర్కెల్ నెదర్లాండ్స్‌లో ఒక స్కూలు టీచరు.

మట్టి నుంచి, కుళ్లిన వంకాయ నుంచి

బ్యాక్టీరియాను తినే వైరస్‌లను ఫేజ్‌లంటారు. వాటిని వెతికే పని అమెరికాలో పిట్స్‌బర్గ్ యూనివర్సిటీకి చెందిన గ్రాహమ్ హాట్‌ఫుల్ హైస్కూలు, కాలేజీ విద్యార్థులతో మొదలుపెట్టారు. 2008 తర్వాత అది ఎన్నో కాలేజీలకు పాకింది. పద్ధతి చెప్పుకుంటే చిన్నదే. ఎక్కడిదైనా గుప్పెడు మట్టి తెచ్చి ద్రావణంలో కలిపి, బ్యాక్టీరియా కూడా దూరనంత సన్నని ఫిల్టరులో వడగట్టాలి. కిందికి దిగిన ద్రవాన్ని క్షయ బ్యాక్టీరియాకు దగ్గరి చుట్టమైన, దానంత ప్రమాదం లేని ఒక బ్యాక్టీరియాతో కలిపి ప్లేటులో పోయాలి. బ్యాక్టీరియా పెరిగి ప్లేటంతా మసకగా అవుతుంది. ఫేజ్ ఉంటే ఆ మసకలో సూదిమొనంత నుంచి బొత్తామంత వరకు స్పష్టమైన గుండ్రటి మచ్చలు కనిపిస్తాయి. ఒక్కో మచ్చా ఫేజ్ బ్యాక్టీరియాను తినేసిన చోటు. భూమ్మీద ఫేజ్‌లు ఎంత వైవిధ్యంగా ఉన్నాయంటే, దొరికింది చాలావరకు కొత్తదే అవుతుంది. దానికి పేరు పెట్టే హక్కు కనిపెట్టిన విద్యార్థిదే.

దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఒక యూనివర్సిటీ విద్యార్థిని 2010లో కుళ్లిన వంకాయ అడుగు నుంచి తీసిన ఫేజ్‌కు ‘మడ్డీ’ అని పేరు పెట్టింది. అది వేల ఫేజ్‌ల మధ్య ఫ్రీజర్‌లో పడి ఉంది. ఊపిరితిత్తుల మార్పిడి జరిగిన ఒక 15 ఏళ్ల అమ్మాయికి ఏ యాంటీబయాటిక్‌కూ లొంగని ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు, లండన్ వైద్యులు హాట్‌ఫుల్‌ను సంప్రదించారు. విద్యార్థులు పోగేసిన ఆ నిధిలో వెతికితే మూడు ఫేజ్‌లు పనికొచ్చాయి. రెండింటి జన్యువులను కాస్త మార్చాల్సి వచ్చింది. మడ్డీని ఉన్నదున్నట్టు వాడారు. ఆ అమ్మాయి పరిస్థితి బాగా మెరుగుపడింది. 2019లో ‘నేచర్ మెడిసిన్’ ఈ చికిత్సను ప్రచురించింది.

ఈ కథ చెప్పి పిల్లలను ఊరించమని నా ఉద్దేశం కాదు. వెతికినవాళ్లలో అత్యధికులు తీసిన ఫేజ్‌లు ఫ్రీజర్‌లోనే ఉన్నాయి, అవి ఉండబట్టే ఈ మూడు దొరికాయి. పరిశోధనలో ఎక్కువ భాగం అలాంటి పనే అని పిల్లలకు ముందే చెప్పడం న్యాయం. సూక్ష్మజీవులతో పని అన్నాక జాగ్రత్తలు తప్పవు. ఏవో తెలియని బ్యాక్టీరియాను స్కూల్లో మనిషి శరీర ఉష్ణోగ్రతకు దగ్గరగా పెంచకూడదు, ప్లేట్లు తెరవకూడదు, పని అయ్యాక వాటిని నిర్జీవం చేసి పారేయాలి.

ఏ ల్యాబూ లేని చోట కూడా సాగే దారి ఒకటుంది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో అనత్ యార్డెన్ బృందం అసలు పరిశోధన పేపర్లను హైస్కూలు జీవశాస్త్ర విద్యార్థులకు అందేలా తిరగరాసింది. భాష తేలికైంది, నిర్మాణం మాత్రం మారలేదు. ఎందుకు చేశారు, ఎలా చేశారు, ఏమొచ్చింది, దాన్నుంచి ఏమనుకోవచ్చు అన్న వరస అలాగే ఉంది. పాఠ్యపుస్తకం ‘ఇది ఇంతే’ అంటుంది. పేపర్ ‘ఇది ఇలా ఉండవచ్చు, ఎందుకంటే’ అంటుంది. ఆ ‘వచ్చు’కు అలవాటు పడటమే పెద్ద చదువు. చివరి చర్చ భాగాన్ని కత్తిరించి ఇచ్చి, ఫలితాల పట్టిక చూసి దాన్ని పిల్లలనే రాయమని, తర్వాత అసలుదానితో పోల్చమని ఏ టీచరైనా ఒక పీరియడ్‌లో చేయించవచ్చు.

అభ్యంతరం బలమైనదే

పిల్లలను వాళ్లంతట వాళ్లే కనుక్కోమని వదిలేస్తే నేర్చుకోరు అన్న వాదన ఉంది. 2006లో కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ రాసిన వ్యాసం దీనికి ఆధారం. కొత్తగా నేర్చేవాడి మనసు ఒకేసారి కొన్ని సంగతులనే మోయగలదు. ఏది ముఖ్యమో ఏది కాదో తెలియని స్థితిలో వెతుకులాట మీదే ఆ శక్తంతా ఖర్చయి, నేర్వడానికి ఏమీ మిగలదు అన్నారు వాళ్లు. మరుసటి ఏడాది హ్మెలో-సిల్వర్, డంకన్, చిన్ అనే పరిశోధకులు జవాబిచ్చారు. మంచి అన్వేషణ తరగతుల్లో పిల్లలను ఎవరూ గాలికి వదిలేయరు, అడుగడుగునా ఆసరా ఉంటుంది అని. 15 ఏళ్ల విద్యార్థులకు పెట్టే పీసా పరీక్ష 2015 ఫలితాల్లో కూడా, అన్వేషణ తరహా పాఠాలు ఎక్కువగా ఉన్నాయని చెప్పిన విద్యార్థులకు చాలా దేశాల్లో సైన్సు మార్కులు తక్కువగా వచ్చాయి. అదే విద్యార్థుల్లో శాస్త్రజ్ఞానం ఎలా ఏర్పడుతుందన్న అవగాహన మాత్రం మెరుగ్గా కనిపించింది. ఇవి కలిసి కనబడే సంగతులే తప్ప ఒకటి రెండోదానికి కారణమని దీనితో తేలదు.

కిర్ష్‌నర్ పక్షం చెప్పినదాంట్లో నేను ఒప్పుకునేది చాలా ఉంది. తరంగాల గురించి ఏమీ తెలియని పిల్లకు పల్సర్ గ్రాఫ్ ఒక మచ్చల కాగితం. అందుకే గ్రీన్ బ్యాంక్ డేటా ఇచ్చే ముందు పిల్లలకు శిక్షణ ఇస్తారు, తెలిసిన పల్సర్ల గ్రాఫులూ గోల గ్రాఫులూ పక్కపక్కన పెట్టి చూపిస్తారు. పాఠం ముందు రావాలి, సాధన కావాలి, ఆ తర్వాతే తెరిచిన ప్రశ్న. ఏడాదంతా పరిశోధనే చేయించాలనే వాళ్లతో నేను ఏకీభవించను. ఏడాదికి ఒక్క ప్రశ్న, కొన్ని వారాల పాటు, మధ్యలో వదలకుండా సాగితే చాలు.

ఇంకో అభ్యంతరం గురించి తక్కువమంది మాట్లాడతారు. పెద్ద ప్రాజెక్టులు పిల్లలను ఉచితంగా కొలతలు తీసేవాళ్లుగా వాడుకునే ప్రమాదం ఉంది. 1995లో మొదలైన గ్లోబ్ కార్యక్రమంలో ఎన్నో దేశాల స్కూళ్లు ఉష్ణోగ్రత, వర్షపాతం, మేఘాలు, నేల తేమ కొలిచి డేటా పంపుతాయి. పద్ధతి ఒకేలా ఉండాలి కాబట్టి నియమాలు కచ్చితంగా ఉంటాయి, ఉండాలి కూడా. రోజూ అంకె రాసి పంపడంతో పని ఆగిపోతే అది గుమాస్తాగిరీ. ఆ డేటా నుంచి క్లాసు తన సొంత ప్రశ్న ఒకటి తీసుకున్నప్పుడు అది పరిశోధన అవుతుంది. మన స్కూలు ఉష్ణోగ్రతకూ పక్క స్కూలు ఉష్ణోగ్రతకూ రెండు డిగ్రీల తేడా ఎందుకుంది? థర్మామీటర్ పెట్టిన చోటు కింద సిమెంటా, గడ్డా?

మార్కులు దేనికి

టీచరు పరిస్థితి కష్టం. తెలియదని చెప్పడం ఈ ఉద్యోగంలో బలహీనతగా చూస్తారు. సిలబస్ తరుముతుంది, క్లాసులో పిల్లలు చాలామంది, పరీక్ష జవాబునే కొలుస్తుంది. ఫలితానికే మార్కు ఉన్నంత కాలం లోలకం అమ్మాయి రబ్బరు తీసుకుంటూనే ఉంటుంది, అందులో ఆమె తప్పేమీ లేదు.

మార్చగలిగింది మార్కుల తీరు. చెరిపివేతలకు వీల్లేకుండా పెన్నుతో రాసే నోట్‌బుక్, తప్పు అనుకున్నదాని మీద ఒక గీత, పక్కన కారణం, తేదీ. ల్యాబుల్లో పాటించే పద్ధతి ఇదే. మార్కులు వేసేటప్పుడు 10.9 వచ్చిందా 9.8 వచ్చిందా అని కాకుండా, వచ్చినదాన్ని ఎలా అనుమానించావు, అనుమానాన్ని ఎలా పరీక్షించావు అని అడగాలి. ఏమీ తేలని ప్రయోగానికీ పూర్తి మార్కులు రావాలి, ఎందుకు తేలలేదో చెప్పగలిగితే. ఇంకొకరి ప్రయోగాన్ని మళ్లీ చేసి చూడటాన్ని కాపీ అనకూడదు. ఎంపెంబా చెప్పింది నిజమో కాదో ఆస్‌బోర్న్ చూడాలనుకున్నదీ అలాగే.

ఆ సంగతికే వస్తే, 1969 పేపరుతో అది తేలలేదు. కారణాలుగా ఎన్నో చెప్పారు. ఆవిరై కొంత నీరు పోవడం, నీటిలో కరిగిన వాయువులు, నీళ్లలోని ప్రవాహాలు, ఫ్రీజర్‌లో పాత్ర కింద పేరుకున్న మంచు కరగడం. 2016లో బ్రిటన్‌కు చెందిన హెన్రీ బరిడ్జ్, పాల్ లిండెన్ జాగ్రత్తగా కొలిచి, అసలు ఆ ప్రభావమే తమకు కనబడలేదన్నారు. నీళ్లలో థర్మామీటర్‌ను ఒక్క సెంటీమీటరు పైకో కిందికో పెట్టినా, లేని ప్రభావం ఉన్నట్టు కనిపించవచ్చని చూపించారు. వాళ్లు చూసింది నీళ్లు సున్నా డిగ్రీలకు చేరే సమయం. ఎంపెంబా చూసింది గడ్డకట్టిన పాలు. రెండూ ఒకటేనా అన్నదాని మీద వాదన ఇంకా నడుస్తోంది.

అంటే ఈ ప్రశ్న ఒక హైస్కూలు క్లాసుకు ఇప్పటికీ తెరిచే ఉంది. రెండు ఒకేలాంటి గిన్నెలు, ఒక ఫ్రీజర్, రెండు థర్మామీటర్లు కావాలి. నీళ్లు పోయకముందే మొదటి పీరియడ్ అయిపోతుంది. ‘గడ్డకట్టింది’ అని దేన్ని అనాలి? సున్నా డిగ్రీలకు చేరితేనా, పైన మొదటి పలక కనబడితేనా, గిన్నె వంచినా కదలకపోతేనా? ఎవరో ఒకరు లేచి, మూడింటికీ మూడు వేరే టైములు వస్తాయి కదా అంటారు. అప్పుడు బోర్డు మీద మూడు నిలువు గడులు గీసి, థర్మామీటర్ ఎంత లోతులో పెట్టాలో తేల్చుకోవాలి.